‘ఎక్స్ అనుకుందాం’ – అనుకునేది ఎవరు?

కాలం–పని లెక్కలు మనలో చాలామందికి గుర్తుండే వుంటాయి. ఒక పనిని ఇంతమంది పురుషులు ఇన్ని రోజుల్లో చేస్తారు, అంతమంది స్త్రీలు అన్ని రోజుల్లో చేస్తారు, అందరూ కలిస్తే ఎన్ని రోజులు పడుతుంది? పురుషుడు చేసే పనిలో స్త్రీ చేసేది సగమో, మూడింట రెండు వంతులో. బాలుడు చేసేది ఇంకా తక్కువ. పోటీ పరీక్షల గైడ్లలో ఈ బాపతు లెక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ నిష్పత్తి ఎక్కడినుంచి వచ్చిందని ఏ పరీక్షలోనూ అడగరు. అది ‘దత్తాంశం’. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుని, సమీకరణం రాసి, ఎక్స్ విలువ తేల్చితే మార్కులు పడతాయి. బడిలో వుండాల్సిన బాలుడు కూలిపనిలో ఎందుకున్నాడని అడిగిన పిల్లకి మాత్రం మార్కులుండవు!

నా వాదన సూటిగానే చెబుతాను. బీజగణితం విషయంలో స్త్రీలకు రెండు అన్యాయాలు జరిగాయి. ఒకటి, ఆ విద్యను మన చేతికి అందకుండా ఆపడం. రెండు, మన బతుకుల మీద ఇతరులు సమీకరణాలు రాసి, వాటిలో మనల్ని దత్తాంశంగా పెట్టడం. మొదటిదాన్ని మన ఉద్యమం అరకొరగా పట్టించుకుంది. రెండోదాన్ని దాదాపు పట్టించుకోలేదు. సమీకరణాన్ని సాధించడమే కాదు, దాన్ని రాసే అధికారం కూడా హక్కుల ప్రశ్నే.

‘పాఠ్యపుస్తకాలు మారాయి కదా’ అని ఎవరైనా అనవచ్చు. కొంత మారాయి. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణిత పుస్తకంలో, రెండు చలరాశుల రేఖీయ సమీకరణాల అధ్యాయంలో, ఎంబ్రాయిడరీ పని మీద ఒక లెక్క వుండేది. 2 స్త్రీలు, 5 మంది పురుషులు కలిస్తే ఆ పని 4 రోజుల్లో అవుతుంది. 3 స్త్రీలు, 6 మంది పురుషులు కలిస్తే 3 రోజుల్లో అవుతుంది. ఒక్కరే చేస్తే ఎవరికి ఎన్ని రోజులు? సాధిస్తే స్త్రీకి 18 రోజులు, పురుషుడికి 36 రోజులు అని వస్తుంది. అంటే స్త్రీ పని రెట్టింపు. బాగుందని చప్పట్లు కొడదామా? ముందుగా, స్త్రీని మెరుగ్గా చూపించడానికి వాళ్ళకి సూదీ దారమే దొరికాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, లెక్క అక్కడితో ఆగిపోయింది. మరో అడుగు వేద్దాం. మొదటి బృందానికి మొత్తం 9,000 రూపాయల కూలి వచ్చిందనుకుందాం. 4 రోజుల్లో ఇద్దరు స్త్రీలు చేసింది పనిలో తొమ్మిదింట నాలుగు వంతులు, అయిదుగురు పురుషులు చేసింది తొమ్మిదింట అయిదు వంతులు. పని ప్రకారం పంచితే ఒక్కో స్త్రీకి 2,000, ఒక్కో పురుషుడికి 1,000 రావాలి. ఈ ప్రశ్న ఆ లెక్క చివర లేదు. పురుషుడి పని ఎక్కువైతే అతని కూలి ఎక్కువని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమవుతుంది. స్త్రీ పని ఎక్కువైన చోట మాత్రం కూలి సంగతి ఎవరికీ తట్టదు. తర్వాత 2022లో పాఠాల భారం తగ్గించే పేరుతో ఆ భాగాన్నే తీసేశారు. ఆ ప్రశ్న అడగకుండానే పోయింది.

ఇది పుస్తకంలోని సంగతి మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. పొలంలో కూలి రేటు కూడా ఒక సమీకరణమే. దుక్కి మగవాళ్ళ పని, నాటూ కలుపూ ఆడవాళ్ళ పని అని ముందే విడదీస్తే, ‘ఒకే పనికి ఒకే వేతనం’ అన్న 1976 నాటి సమాన వేతన చట్టం అక్కడ ఆడదు. పనులు వేరు కదా అంటారు. ఆ చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. పనులు వేరన్న వాదన మాత్రం చెక్కుచెదరలేదు. మట్టిపని తీసుకోండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చాలాచోట్ల తవ్విన మట్టి కొలతను బట్టి కూలి కట్టారు. తవ్వేది ఎక్కువగా మగవాళ్ళు, తట్టలు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎక్కించారు అన్నవి రేటులో చేరాల్సిన పదాలు. అవి చేరకపోతే కొలతకు గొయ్యి మాత్రమే మిగులుతుంది, తట్ట మోసిన నడక అదృశ్యమవుతుంది. స్త్రీల అదృశ్య శ్రమ గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడాం. ఆ శ్రమ అదృశ్యమయ్యే చోటు ఒక్కోసారి ఇంత నిర్దిష్టంగా వుంటుంది: సమీకరణంలో రాయకుండా వదిలేసిన ఒక పదం.

మన సంప్రదాయం ఇందుకు భిన్నమని గర్వపడేవాళ్ళకు ఒక మాట. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిని, కూతురి కోసం రాసిన గ్రంథమని మురిపెంగా చెప్పుకుంటాం. ఆ కథ నిజమో కాదో గానీ, విలోమానుపాతాన్ని నేర్పే చోట అందులో ఒక లెక్క వుంది. పదహారేళ్ళ దాసి వెల చెప్పి, ఇరవయ్యేళ్ళ దాసి వెల ఎంతని అడుగుతాడు. వయసు పెరిగితే వెల తగ్గుతుందన్నది అక్కడ దత్తాంశం! ఆడదాన్ని కొనవచ్చునన్నది అంతకు ముందటి దత్తాంశం, దాన్ని చెప్పాల్సిన అవసరం కూడా లేదు. లెక్క తప్పు కాదు, గుణకార భాగహారాలన్నీ సరిగ్గానే వుంటాయి. అందుకే గణితం ఎవరి పక్షమూ వహించదని చెప్పేవాళ్ళతో నాకు పేచీ. సాధన పక్షపాతం లేకుండానే సాగుతుంది. పక్షపాతమంతా ‘అనుకుందాం’ అన్న మాటలో జరిగిపోతుంది.

ఇక ఈ విద్యను మన నుంచి దూరంగా వుంచిన చరిత్ర. 1882 నాటి హంటర్ కమిషన్, బాలికల ప్రాథమిక బడుల్లో చదువు స్థాయి బాలుర బడుల కంటే తేలిగ్గా, ఇంటి అవసరాలకు తగ్గట్టు వుండాలని సిఫారసు చేసింది. ఆడామగా పాఠ్యప్రణాళికల్లో తేడా వుండకూడదని హంసా మెహతా కమిటీ చెప్పడానికి 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. 1964–66 కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ళ చదువులో గణితం, విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరి కావాలంది. అంటే ఆడపిల్లకు బీజగణితం తప్పనిసరి కావాలన్న మాట మన దేశంలో అధికారికంగా వినపడి అరవై ఏళ్ళే అయింది. ఆ అరవై ఏళ్ళలో ఏం జరిగిందో చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటీవలి పదో తరగతి ఫలితాల్లో ఉత్తీర్ణత శాతం ఆడపిల్లలదే ఎక్కువగా వుంటోంది. అయినా ‘ఆడపిల్లకు లెక్కలు రావు’ అన్న మాట ఇంట్లో, బడిలో, సినిమాలో అలాగే వుంది. సీబీఎస్‌ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతి గణితాన్ని ‘స్టాండర్డ్’, ‘బేసిక్’ అని రెండుగా విడదీసింది. ఇంట్లో ఒక కొడుకూ ఒక కూతురూ వుంటే, బేసిక్ ఎవరికి చాలునంటారో నేను చెప్పాలా?

బయటివాళ్ళనే అని వదిలిపెడితే న్యాయం కాదు. మన సంస్థల సంగతి చూద్దాం. బడి మానేసిన అమ్మాయిలను సార్వత్రిక విద్య ద్వారా పదో తరగతి గట్టెక్కించే పని చాలా స్వచ్ఛంద సంస్థలు చేస్తున్నాయి. మంచి పని. కానీ జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదో తరగతిలో గణితం తప్పనిసరి కాదు. ఎంచుకునే సబ్జెక్టుల్లో గృహవిజ్ఞానం కూడా వుంది. ఫెయిలవుతుందేమోనన్న భయంతో లెక్కలు వదిలేయించి, తేలిక సబ్జెక్టు ఇప్పించి, పాసైనవాళ్ళ సంఖ్యను నివేదికలో రాసుకుంటాం. ఆ అమ్మాయికి పాలిటెక్నిక్ తలుపు అక్కడే మూసుకుపోతుంది. హంటర్ కమిషన్ చెప్పిన పనిని మనం సదుద్దేశంతో, దాతల నిధులతో చేస్తున్నామన్నమాట.

అయితే బీజగణితం బడిపిల్లల సమస్య మాత్రమే కాదు. తెలుగు పల్లెల్లో పొదుపు సంఘాల స్త్రీలందరి సమస్య. మన గణిత పరిభాషలోనే ఆ సంగతి దాగి వుంది. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకు ఇవతల వున్న సంఖ్యలను ధనమనీ, అవతల వున్నవాటిని రుణమనీ పిలిచాడు. నేటికీ మన బడిపిల్లలు ‘రుణ సంఖ్య’ అనే చదువుతున్నారు. అసమీకరణాన్ని రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుందని టీచరు చెబితే పిల్లలు బట్టీ పడతారు. ఎందుకు తిరగబడుతుందో పొదుపు సంఘంలో ఏ సభ్యురాలినడిగినా చెబుతుంది. 3 కంటే 5 ఎక్కువ. కానీ 5 వేల అప్పున్నామె 3 వేల అప్పున్నామె కంటే దిగువన వున్నట్టు. దీనికి పలకా బలపం అక్కర్లేదు.

ఆమెకు తెలియనివ్వనిది మరొకటి వుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళ మీద పడిన రోజుల్లో వాడుకలో వున్న పద్ధతి ఇది. 10,000 అప్పు, వడ్డీ పన్నెండున్నర శాతం, అంటే 1,250. మొత్తం 11,250ని వారానికి 225 చొప్పున 50 వారాల్లో కట్టాలి. వినడానికి నూటికి నెలకు రూపాయి వడ్డీకి కాస్త పైన. ఊరి షావుకారు రెండు రూపాయలో మూడు రూపాయలో తీసుకుంటాడు కాబట్టి ఇది చవకే అనిపిస్తుంది. ఇప్పుడు ఎక్స్ పెట్టి చూద్దాం. అసలు వారానికి 200 చొప్పున తగ్గిపోతోంది. మొదటి వారం ఆమె దగ్గర 10,000 వుంది, రెండో వారం 9,800, మూడో వారం 9,600, చివరి వారం 200 మాత్రమే. ఈ 50 వారాల బాకీలు కూడితే 2,55,000, అంటే 2,550 వందలు. వందకు వారానికి ఎక్స్ రూపాయల వడ్డీ అనుకుంటే, 2,550 ఎక్స్‌లు కలిసి 1,250కి సమానం. ఎక్స్ విలువ 49 పైసలు. నెలకు చూస్తే రెండు రూపాయలు దాటింది! రూపాయి వడ్డీ అని చెప్పి రెండు రూపాయల వడ్డీ తీసుకున్నారు. ఇది ఏడో తరగతి సరళ సమీకరణం. ఇంతకు మించి ఏమీ లేదు. ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా, ఎన్ని లక్షల కిస్తీలు ఈ ఒక్క సమీకరణం రాయకుండా కట్టించుకున్నారో ఆలోచించండి.

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది, తగ్గుతున్న బాకీ మీదే వడ్డీ లెక్కించాలంది, కొంతకాలం వడ్డీకి పరిమితి పెట్టి 2022లో దాన్ని ఎత్తేసింది. అదే 2022 నిబంధనల్లో ఒక అసమీకరణం వుంది. కుటుంబం నెలనెలా కట్టే అప్పు వాయిదాలన్నీ కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. మంచి రక్షణలా వుంది. కానీ ఇక్కడా ‘అనుకుందాం’ వుంది. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. వాళ్ళందరి ఆదాయం ఒకే సంచీలో పడుతుందనుకుందాం, అన్నారు.

ఆ మాటను పరీక్షిద్దాం. భార్య సంపాదన నెలకు 6,000, భర్తది 10,000. మొత్తం 16,000, సగం 8,000. వాయిదాలు 7,500. నిబంధన ప్రకారం అంతా భేష్, అప్పు ఇవ్వవచ్చు. సంతకం చేసేది, వసూలు రోజున సెంటర్ మీటింగ్‌లో కూర్చునేది భార్య. ఇల్లు నడవడానికి కనీసం 7,000 కావాలి. భర్త తన సంపాదనలో ఇంటికిచ్చేది ఎక్స్ అనుకుందాం. 6,000కి ఎక్స్ కలిపి, 7,500 తీసేస్తే, మిగిలేది 7,000కి తగ్గకూడదు. సాధిస్తే ఎక్స్ కనీసం 8,500 కావాలి. అంటే భర్త తన 10,000లో 1,500 మాత్రం వుంచుకుని మిగతాదంతా ఇంట్లో పెడితేనే ఆ అప్పు ఆమెకు క్షేమం. ఏ ఊళ్ళో ఎంతమంది భర్తలు ఈ అసమీకరణాన్ని తృప్తిపరుస్తారు? వాన లేక కూలి దొరకని నెలలో ఆ 6,000 ఎంతవుతుంది? బ్యాంకు ఆఫీసరు అసమీకరణంలో ఈ ఎక్స్ లేనే లేదు. ఆమె బతుకులో మిగతావన్నీ దాదాపు స్థిరరాశులు, మారేది అదొక్కటే.

ఒక సంఘం సమావేశంలో నేను ఈ లెక్క నేల మీద సుద్దముక్కతో వేసి చూపించాను. ఒకామె అంది, ‘‘అక్కా, ఇది మాకు తెలవనిదా? మా ఇంటాయన ఎంతిస్తాడో తెలవకనే గదా సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికేది. నువ్వు దానికి పేరు పెట్టినవ్, గంతే.’’ నిజమే. బీజగణితమంటే తెలియనిదానికి పేరు పెట్టడమే. మన పాత గణితకారులు అవ్యక్తరాశిని ‘యావత్తావత్’ అన్నారు, ఎంతో అంత అని. పేరు పెడితే దాని గురించి అడగవచ్చు, వాదించవచ్చు, ఫారంలో రాయమనవచ్చు. పేరు లేకపోతే అది చేతి వణుకుగానే మిగిలిపోతుంది.

ఆర్థిక అక్షరాస్యత పేరుతో మనం నడిపే శిక్షణల్లో ఇది ఎక్కడుంది? నేను చూసిన శిక్షణల్లో పొదుపు మంచిదని చెబుతారు, పాస్‌బుక్ చదవడం, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పుతారు, వాయిదా తప్పకూడదని మరీ మరీ చెబుతారు. అంటే మంచి రుణగ్రస్తురాలిగా వుండడం నేర్పుతారు. సంఘం పుస్తకం రాయడానికి జీతానికి ఒకరిని పెడతారు. కూడికలు ఆమెవి, సమీకరణం వాళ్ళది. సాధికారత అన్న మాటను ఇన్నేళ్ళుగా వాడుతున్నాం. అప్పు షరతులు రాసే బల్ల దగ్గర కుర్చీ లేని సాధికారత దేనికి?

ఇక్కడ కొందరు మిత్రుల అభ్యంతరం నాకు తెలుసు. స్త్రీల బాధల్ని అంకెల్లోకి కుదించడం ప్రపంచ బ్యాంకు భాష కదా, మనకెందుకంటారు. అంకెలంటే మనకున్న అనుమానానికి కారణాలున్నాయి, కాదనను. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని సీతమ్మ కథ చదువుకున్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. చదివింది కథే. కానీ ఆ కథ వాళ్ళను కదిలించింది, దాని వెనకాల రోజూ వేసుకుంటున్న లెక్క వుండబట్టే. కూలిలో సారాకు పోయింది తీసేస్తే మిగిలేది గింజల ఖర్చు కంటే తక్కువ. అది అసమీకరణం కాక మరేమిటి? 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా తీసుకెళ్ళిన అసమీకరణం! అక్షరం చేతికిస్తే ఆ స్త్రీలు ఏం చేశారో చూశాం. బీజాక్షరం చేతికివ్వడానికి మనకెందుకు సంకోచం?

అమెరికాలో రాబర్ట్ మోసెస్ అనే నల్లజాతి ఉద్యమకారుడుండేవాడు. 1960లలో మిసిసిపిలో ప్రాణాలకు తెగించి నల్లవాళ్ళను వోటర్లుగా చేర్పించాడు. చదువు రాదన్న సాకుతోనే అక్కడ వాళ్ళకు వోటు నిరాకరించేవారు. ఆ మోసెస్సే 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టి, 2021లో చనిపోయేదాకా దాని కోసం పనిచేశాడు. ఆనాడు అక్షరం లేకపోవడం ఎలా బానిసత్వమో, ఈనాడు బీజగణితం లేకపోవడం అలాంటిదేనన్నది ఆయన వాదన. పౌరహక్కుల మనిషి లెక్కల టీచరయ్యాడని ఎవరో జాలిపడితే పడనివ్వండి. ఆయన దృష్టిలో అది ఒకే పని.

ఆ దృష్టి మనకూ కావాలి. లేకపోతే మన పథకాలే మన స్త్రీలను మోసం చేస్తాయి. ఒక్క ఉదాహరణ. రోజుకు 1,440 నిమిషాలు. ఇది ఎవరూ మార్చలేని స్థిరరాశి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి సగటున రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కూలికి 480, నిద్రకు 480 తీసేస్తే స్త్రీకి మిగిలేది 191 నిమిషాలు, పురుషుడికి 392. ఆ 191లోనే స్నానం, తిండి, పిల్లల ఆలనాపాలనా, పనికి పోయి రావడం. ప్రతి పథకమూ అందులోకే మరో గంట సమావేశం, మరో గంట శిక్షణ, మరో కుటీర పరిశ్రమ కలుపుతుంది. ఎడమ పక్షంలో కలుపుతూనే వుంటారు, దేన్నీ తీసేయరు. కుడి పక్షం మాత్రం 1,440 దగ్గరే వుంటుంది. అప్పుడు తగ్గేది ఆమె నిద్ర. ప్రాజెక్టు ప్రతిపాదనలో ఈ ఒక్క అసమీకరణం రాయమని నిధులిచ్చేవాళ్ళు ఏనాడైనా అడిగారా? మనమైనా రాశామా?

అందుకని నా ప్రతిపాదనలు ఇవి. రుణ శిక్షణ ఏదైనా సరే, సంతకానికి ముందు సభ్యురాలు తన ఎక్స్‌తో తన అసమీకరణం రాసుకోవాలి, ఆ కాగితం ఫారంతో పాటు వుండాలి. సంఘం లెక్కలు జీతగాడికి అప్పజెప్పకుండా సభ్యులే వంతులవారీగా రాయాలి. సార్వత్రిక విద్యలో చేరే అమ్మాయిల చేత గణితం వదిలేయించడం ఆపాలి. అది కష్టమైతే కష్టపడి చెప్పించడమే మన పని. పాఠ్యపుస్తకాల్లోని పద సమస్యలను మన సంఘాలు చదివి, అందులో ఎవరు పనిచేస్తున్నారు, ఎవరికి కూలి వస్తోంది, ఎవరు దత్తాంశంగా వున్నారు అని రెండు రాష్ట్రాల విద్యా పరిశోధనా మండళ్ళకు రాయాలి. వాటి బదులు మన స్త్రీలు రాసిన లెక్కలు పంపాలి: కిస్తీల లెక్క, తట్టమట్టి లెక్క, నిద్ర లెక్క.

ఈ లెక్కల్లో కష్టమైన సమీకరణం ఒక్కటీ లేదు. కష్టమల్లా ‘అనుకుందాం’ అన్న మొదటి మాట మన నోటితో అనడమే. ఇన్నాళ్ళూ ఇంకెవరో అనుకున్నారు, మనం సాధిస్తూ వచ్చాం. ఇకనుంచి అనుకునేది మనం కావాలి. జవాబు చెప్పాల్సింది వాళ్ళు.